ముల్లు మాట నమ్మే ముందు

మీ బండి డ్యాష్‌బోర్డులో ముల్లు సగం దగ్గర నిలబడి ఉంది. ట్యాంకులో నిజంగా సగం ఉందా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

పాత బండి ఉన్నవాళ్లు చాలామంది ఈ ప్రశ్న వినగానే నవ్వేస్తారు. "మా బండికి సగమంటే పావు సార్" అంటారొకరు. "ఎర్రగీత మీదికొచ్చినా ఇంకో ముప్పై కిలోమీటర్లు పోతది" అంటారు ఇంకొకరు. కోదాడ నుంచి చిలుకూరు మీదుగా హుజూర్‌నగర్ దాకా తిరిగే పాత జీపులు, ట్రాలీ ఆటోలు, మారుతి 800లు, ట్రాక్టర్లు ఎవరివైనా సరే, అడిగి చూడండి. ఒక్కొక్కరి దగ్గర ఇలాంటి సొంత లెక్క ఒకటి ఉంటుంది. (మన సూర్యాపేట జిల్లా చిలుకూరు సంగతే చెబుతున్నాను, వీసాల బాలాజీ ఉన్న చిలుకూరు కాదు.)

సొంత లెక్కతో వచ్చిన చిక్కల్లా అది మీ తలలోనే ఉండటం. ఏదో పెళ్లికని బండిని బావమరిదికి ఇచ్చి పంపారనుకోండి. ఆయనకు మీ లెక్క తెలియదు, ముల్లే తెలుసు. రాత్రి తొమ్మిదింటికి సూర్యాపేట దాటాక హైవే పక్కన నిలబడి ఫోను చేస్తాడు. "బావా, ముల్లు సగం కాడ ఉన్నది గదా, డీజిల్ ఎట్లయిపోతది?" మీరేం జవాబు చెబుతారు?

ఈ భయంతోనే కొందరు బంకు కనబడినప్పుడల్లా రెండొందలకు పోయిస్తుంటారు. కొందరు సీటు వెనక పెట్రోలు సీసా పెట్టుకుని తిరుగుతారు. మండు వేసవిలో, మూసి ఉంచిన కారులో, ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు! ఇదంతా ఎందుకు? రోగం చాలాసార్లు వంద రూపాయల వైరులోనో, తుప్పు పట్టిన ఒక బోల్టులోనో ఉంటుంది. అది ఎక్కడుందో కనిపెట్టే ఓపిక కావాలి, అంతే.

ఈ మీటరు వ్యవహారంలో ఉన్నవి మూడు వస్తువులు: ట్యాంకులో ఫ్లోటు, డ్యాష్‌బోర్డులో మీటరు, ఆ రెండింటి నడుమ వైరు. ఫ్లోటు తేలుతూ మునుగుతూ ఉంటే దాని చేతికున్న చిన్న కాంటాక్టు ఒక రెసిస్టెన్సు పట్టీ మీద అటూ ఇటూ జరుగుతుంది. దాన్నిబట్టి కరెంటు హెచ్చుతగ్గులవుతుంది, ముల్లు కదులుతుంది. ఆ కరెంటు ట్యాంకు బాడీ గుండా, ఛాసీ గుండా బ్యాటరీకి తిరిగి చేరుతుంది. షెడ్డులో ఎర్త్ అనేది ఆ దారినే. ఇంతకు మించి సిద్ధాంతం మనకు అక్కర్లేదు.

ముందు గమనించండి

ముల్లు ఎట్లా అబద్ధమాడుతుందో చూస్తే రోగం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. అందుకే పానా పట్టే ముందు నాలుగు రోజులు ముల్లును కనిపెట్టి ఉండండి. చూసింది కాగితం మీద రాయండి. మెకానిక్కు దగ్గరికి వెళ్లి "మీటరు పనిచేస్తలేదన్నా" అంటే ఆయన మొత్తం విప్పుతాడు. "ఫుల్ చేసినప్పుడు బాగానే చూపిస్తది, సగం కాడికొచ్చినంక ఎగురుతది" అంటే నేరుగా ఫ్లోటు దగ్గరికే వెళ్తాడు. తేడా మీ జేబుకు తెలుస్తుంది.

1. ముల్లు ఎప్పుడూ ఒక కొనకే అంటుకుని ఉందా? అయితే వైరు తెగి ఉండాలి, లేదా దాని తొడుగు ఒరుసుకుపోయి ఎక్కడో బాడీకి తగులుతుండాలి. ధాన్యం బస్తాల పక్కన బండి పెట్టే ఇళ్లలో ముందు అనుమానించాల్సింది ఎలుకల్నే.

2. ఒకే చోట ఎగిరిపడుతోందా? ఫుల్ నుంచి సగం దాకా బుద్ధిగా దిగి, అక్కడ ఒక్కసారిగా పడిపోయి, మళ్లీ లేస్తే రెసిస్టెన్సు పట్టీ ఆ చోట అరిగిందన్నమాట. ఎప్పుడూ కొంచెం కొంచెమే పోయించుకునే బండ్లలో ఈ అరుగుదల పావు కింద ఉంటుంది. కాంటాక్టు జీవితమంతా ఆ కాస్త జాగాలోనే రుద్దుకుంటుంది మరి.

3. ఫుల్ ట్యాంకు కొట్టించినా ముప్పాతిక దాటడం లేదా? ఎర్త్ సరిగా లేకపోవచ్చు, ఫ్లోటు చెయ్యి వంగి ఉండొచ్చు, ఫ్లోటుకే చిల్లి పడి లోపలికి పెట్రోలు చేరి ఉండొచ్చు. ఎర్త్ చూడటం తేలిక, అక్కడినుంచి మొదలుపెట్టండి.

4. హెడ్‌లైటు వేసినా, బ్రేకు తొక్కినా ముల్లు ఉలిక్కిపడుతోందా? ఇక వెతకనక్కర్లేదు, ఎర్తే.

5. పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ కలిసి తప్పు చూపిస్తున్నాయా? ట్యాంకు జోలికి పోకండి. రెండింటికీ ఉమ్మడిగా కరెంటు ఇచ్చే ఫ్యూజు, మీటరు వెనక ఎర్త్ చూడండి. పాత తరహాలో నెమ్మదిగా కదిలే ముళ్లున్న మీటర్లయితే వాటికి సమంగా వోల్టేజీ అందించే చిన్న స్టెబిలైజరు ఒకటి వెనక ఉంటుంది, అదీ చూడండి. ఇది చూసుకోకుండా ట్యాంకు దింపించి, కొత్త ఫ్లోటు వేయించి, "అయినా అట్లనే ఉంది" అని తల పట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఇక, సాగర్ ఎడమ కాలువ కట్ట మీద ఒక చక్రం ఎత్తుగా, ఒకటి పల్లంగా పెట్టి ముల్లు చూస్తే అది మారడం సహజం. ఆయిల్ ఒక పక్కకు ఒరుగుతుంది. దాన్ని రోగం కింద రాసుకోకండి. ఏ పరీక్షయినా సమంగా ఉన్న నేల మీదే.

రెండు నిమిషాల పరీక్ష

ఈ పనిలో ముఖ్యమైంది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ట్యాంకు మీద ఫ్లోటు యూనిట్ దగ్గరికి ఒక వైరు వస్తుంది. కొన్ని బండ్లకు రెండు ఉంటాయి, రెండోది ఎర్త్ కావచ్చు, వార్నింగ్ లైటుది కావచ్చు. చాలా ట్రాక్టర్లలో యూనిట్ ట్యాంకు పైనే కనబడుతుంది. కొన్ని కార్లలో వెనక సీటు ఎత్తితే చిన్న మూత కింద ఉంటుంది. ఇంకొన్నిటిలో ట్యాంకు దించాల్సిందే. బైకులకు ట్యాంకు అడుగున ఉంటుంది.

బండి ఆరుబయట పెట్టండి. ట్యాంకు మూతలన్నీ బిగించి ఉండాలి, చుట్టుపక్కల పెట్రోలు వాసన రాకూడదు. తాళం చెవి ఆన్ చేసి, ఇంజను స్టార్టు చెయ్యకుండా, మీటరు వైరు పీకండి. ముల్లు ఎటు పోయిందో ఎవరినైనా చూడమనండి. తర్వాత ఆ వైరు కొనను, డ్యాష్‌బోర్డులో వాడే చిన్న 12 వోల్టుల బల్బు గుండా, యూనిట్‌కు దూరంగా ఛాసీ మీద శుభ్రమైన ఇనుముకు తాకించండి. బల్బు నడుమ ఉంటే కరెంటు అదుపులో ఉంటుంది, మీటరు కాలదు. ఇప్పుడు ముల్లు రెండో వైపుకు బాగా నడవాలి. పాత మీటర్లలో అది పాకుతూ పోతుంది, అర నిమిషం పట్టినా కంగారు పడకండి.

ఏ వైపు ఫుల్, ఏ వైపు ఖాళీ అన్నది బండిని బట్టి ఉంటుంది. పాత జపాన్ తరహా కార్లలో సాధారణంగా ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు రెసిస్టెన్సు చాలా తక్కువ, ఖాళీ అయ్యేకొద్దీ వంద ఓములు దాటుతుంది. యూరప్‌లో ఎక్కువగా కనిపించే వీడీఓ తరహా యూనిట్లలో దీనికి తలకిందులు: ఖాళీకి 10, ఫుల్‌కు 180. అమెరికన్ జనరల్ మోటార్స్ పాత బండ్లలో ఖాళీకి 0, ఫుల్‌కు 90. ఈ పరీక్షకు ఆ అంకెలతో పని లేదు. వైరు పీకితే ఒక కొనకు, తాకిస్తే రెండో వైపుకు పోతోందా లేదా, అంతే చూడండి.

పోతోందా? మీటరు బాగుంది, వైరు బాగుంది. తప్పు ట్యాంకు దగ్గరే.

పోవడం లేదా? అదే బల్బు పట్టుకుని మీటరు వెనక్కి వెళ్లండి. ట్యాంకు నుంచి వచ్చిన వైరు కలిసే చోట, మీటరు టెర్మినల్‌ను ఎర్త్‌కు తాకించండి. అక్కడ ముల్లు కదిలితే నడుమ వైరు తెగింది. అక్కడా కదలకపోతే మీటరుకు కరెంటే రావడం లేదు, లేదా మీటరే పోయింది. వైరు పీకినా ముల్లు ఎర్త్ తాకించినప్పటిలాగే ఉండిపోతే, వైరు దారిలో ఎక్కడో బాడీకి తగులుతోంది. క్లిప్పుల కింద, సీటు పట్టాల కింద, బాడీ చిల్లుల్లోంచి దూరే చోట వేలు పెట్టి తడుముతూ పోండి.

ఎర్త్: చౌకైన మందు ముందు

ట్యాంకును రబ్బరు ముక్కల మీద కూర్చోబెడతారు, పైన రంగు వేస్తారు, ఏళ్లు గడిచేసరికి బోల్టులు తుప్పు పడతాయి. ఇక కరెంటు తిరిగి ఏ దారిన పోవాలి? దమ్ము చేసే ట్రాక్టరుకైతే ఏటా రెండు పంటల బురద స్నానం అదనం.

మల్టీమీటర్ కొనుక్కోండి. రెండు మూడొందల్లో దొరికేదైనా ఈ పనికి చాలు. ఓముల దగ్గర పెట్టి ముందు రెండు పిన్నులూ ఒకదానికొకటి ఆనించండి. 0.3, 0.4 అని ఏదో చూపిస్తుంది. అది పిన్నుల సొంత రెసిస్టెన్సు, తర్వాత లెక్కలోంచి తీసేయాలి. తాళం చెవి తీసేసి ఒక పిన్ను యూనిట్ బాడీకి, ఇంకొకటి గీకి మెరిపించిన ఛాసీ ఇనుముకు పెట్టండి. ఒక ఓము లోపు వస్తే సరే. పది, ఇరవై వచ్చిందా? అదే మీ ముల్లును ముప్పాతిక దగ్గర ఆపుతున్న దొంగ.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నిండుగా ఉన్నప్పుడు రెసిస్టెన్సు తక్కువుండే బండ్లలో పాడైన ఎర్త్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అది కాస్త నయం, ముందే బంకుకు పంపిస్తుంది. తలకిందుల రకంలో మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మనిషిని దారిలో నిలబెట్టేది ఈ రకమే.

వైద్యం చిన్నది. యూనిట్ స్క్రూ ఒకటి తీసి, దాని కింద రింగు ముక్క బిగించిన వైరు పెట్టి, రెండో కొన ఛాసీకి బిగించండి. రెండు చోట్లా రంగు, తుప్పు గీకేసి, బిగించాక పైన కొద్దిగా గ్రీజు పుయ్యండి. స్క్రూ బిగిసిపోయి రాకపోతే సుత్తి పట్టకండి, తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా ఉంచండి.

ఫ్లోటు బయటికి తీయాల్సి వస్తే

ఇది ఇంట్లో చేయాలా, షెడ్డులో చేయించాలా? డీజిల్ ట్రాక్టరుకు, యూనిట్ పైనే ఉంటే, మీరే చేసుకోవచ్చు. పెట్రోలు కారు ట్యాంకు దించాల్సి వస్తే మాత్రం చెయ్యి తిరిగిన మనిషికి అప్పగించండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పోయి పది అడుగుల అవతల ఉన్న పొయ్యిని వెతుక్కుంటుంది.

ఎవరు చేసినా బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టాలి. ట్యాంకులో ఆయిల్ తక్కువున్నప్పుడు మొదలుపెట్టాలి. బీడీలు, ఫోన్లు దూరంగా ఉండాలి. చుట్టూ ఉన్న దుమ్ము ముందే గుడ్డతో తుడవాలి, లేకపోతే అదంతా ట్యాంకులోకే పోతుంది. యూనిట్‌ను నిలువునా లాగకండి, ఫ్లోటు చెయ్యి వంపు తిరిగి ఉంటుంది. కొంచెం లేపి, ఒక పక్కకు వంచి, మెలి తిప్పుతూ తీయాలి. ఏ కోణంలో వచ్చిందో గుర్తు పెట్టుకోండి. తిరగేసి పెడితే ఫ్లోటు ట్యాంకు గోడకు తగిలి సగంలోనే ఆగుతుంది, మీరు మళ్లీ మొదటికి వస్తారు.

బయటికి వచ్చాక ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గలగలమందా? చిల్లి పడింది. మార్చేయండి. పాత ఇత్తడి ఫ్లోటుకు టంకం వేస్తామంటారు కొందరు. లోపల చుక్క పెట్రోలున్నా అది చేతిలో పేలుతుంది, వద్దు. ఫ్లోటు బాగుంటే దూరంగా, గాలి ఆడే చోట యూనిట్ ఆరనిచ్చి, మల్టీమీటర్ పిన్నులు ఒకటి వైరు టెర్మినల్‌కు, ఇంకొకటి యూనిట్ బాడీకి పెట్టి, చెయ్యిని కింది నుంచి పైదాకా చీమ నడకలా కదపండి. అంకె మెట్టు మెట్టుగా మారుతూ పోవాలి. ఒక చోట అంకె మాయమైతే పట్టీ అక్కడ అరిగింది. నల్లటి మురికి మాత్రమే ఉంటే కాంటాక్టు క్లీనరుతో, మెత్తటి గుడ్డతో తుడవండి. ఎమ్రీ కాగితంతో రుద్దారో, ఆ సన్నటి తీగ మిగలదు.

ఈ కాంటాక్టులు ఎంత సున్నితమైనవో చెప్పడానికి ఒక సంగతి. 2004 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడాలో గంధకం ఎక్కువైన పెట్రోలు బంకులకు చేరితే, కార్ల ఫ్లోటు యూనిట్లలోని వెండి కాంటాక్టులు పాడై మీటర్లు తప్పు చూపించాయి. బండ్లలో లోపం లేదు, ఆయిల్‌లోనే ఉంది. మన దగ్గర ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత బండ్ల రబ్బరు వాషర్లు దానికోసం చేసినవి కావు. కాబట్టి యూనిట్ తీసిన ప్రతిసారీ పాత వాషరే పెట్టకుండా, పెట్రోలు తట్టుకునే కొత్తది వేయండి. బిగించాక రాత్రంతా ఉంచి, పొద్దున వాసన చూడండి. వాసన ఉంటే బండి తీయొద్దు.

చాలామంది చేసే తప్పులు

1. ఫ్లోటు యూనిట్‌కు నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి "పనిచేస్తదేమో" అని చూడటం. పట్టీ కాలిపోతుంది. అది ట్యాంకులో ఉంటే ఇంకేం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

2. పైపు పెట్టి నోటితో పెట్రోలు లాగడం. మింగితే ఒక ప్రమాదం, పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతే అంతకంటే పెద్దది. చేతిపంపు తక్కువ ధరకే దొరుకుతుంది.

3. "ట్యాంకు ఖాళీయే గదా" అని వెల్డింగుకు ఇవ్వడం. ఖాళీ ట్యాంకు నిండా ఆవిరే ఉంటుంది. నిండు ట్యాంకు కంటే అదే ఎక్కువ ప్రమాదం.

4. డ్యాష్‌బోర్డు మీద కొట్టడం. ముల్లు కదిలితే తృప్తిగా ఉంటుంది నిజమే. కానీ కొడితే కదిలిందంటే మీటరు వెనక కనెక్షను వదులైందని అర్థం, అది బిగించుకోండి.

ట్రాక్టరు వాళ్లకు ప్రత్యేకంగా

ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే పెట్రోలు కారు వాళ్లకు ఆలస్యం, మీకు అదనపు పని. లైన్లలోకి గాలి చొరబడుతుంది, ఎయిర్ తీసే దాకా ఇంజను లేవదు. డీజిలే పంపును నున్నగా ఉంచుతుంది కాబట్టి ఎండబెట్టడం పంపుకూ మంచిది కాదు.

పైగా మీకు కిలోమీటర్ల లెక్క పనికిరాదు. కోతల రోజుల్లో మిర్యాలగూడ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్ల బారులో నిలబడినవాళ్లకు తెలుసు: బండి పది గజాలు జరుగుతుంది, మళ్లీ ఆగుతుంది, ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మీది గంటల లెక్క. అవర్ మీటరు చూసి, ఫుల్ నుంచి ఫుల్‌కు ఎన్ని గంటలకు ఎన్ని లీటర్లు పట్టిందో, దమ్ముకు వేరుగా, ట్రాలీకి వేరుగా రాసుకోండి.

ముల్లు బాగయ్యేదాకా కొలకర్ర వాడండి. నున్నగా చెక్కిన పొడి వెదురు బద్ద చాలు. ట్యాంకు ఖాళీ చేసి, సమంగా ఉన్న నేల మీద ఐదేసి లీటర్లు పోస్తూ, పోసిన ప్రతిసారీ ముంచి తడి ఎక్కడిదాకా వచ్చిందో గాటు పెట్టండి. గాట్లు సమాన దూరంలో రావు, ట్యాంకు డొక్కలు సమంగా ఉండవు కదా. స్కేలు పెట్టి సమానంగా గీసిన కర్ర ఇంకో అబద్ధాల మీటరే. గాటు పక్కన లీటర్ల అంకె కూడా చెక్కండి.

అంకె పక్కన కొలత పేరెందుకు ముఖ్యమో కెనడా వాళ్లను అడగాలి. 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767లో ఇంధనం మీటర్లు పనిచేయలేదు. సిబ్బంది కొలకర్రల్లాంటి పరికరాలతోనే ఇంధనం చూశారు, చూడటంలో తప్పు లేదు. కానీ లీటర్లను బరువులోకి మార్చేటప్పుడు కిలోల బదులు పౌండ్ల లెక్క వాడారు. కావలసినదానిలో సగం కంటే తక్కువతో విమానం లేచింది. 41,000 అడుగుల ఎత్తులో ఎగురుతుండగా ఇంధనం అయిపోయి, ఒకదాని తర్వాత ఒకటిగా ఇంజన్లు ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గాలిలో తేలియాడిస్తూ గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో దించారు, ఎవరూ చనిపోలేదు. మనం చెల్కలో ఆగితే ఆగాం గానీ, మీ కర్ర మీద అంకెలు లీటర్లో, గేలన్లో మీ అబ్బాయికి కూడా తెలియాలి.

కొత్త ఫ్లోటు కొనేటప్పుడు

పాత మోడళ్లకు అసలు సామాను కోదాడలో దొరక్కపోతే చాలామంది విజయవాడ ఆటోనగర్‌కు పోతారు. అక్కడ "అన్ని బండ్లకూ పడుతుంది" అనే యూనిట్ చేతిలో పెడతారు. పడుతుంది, నిజమే. చిల్లులు సరిపోతాయి, స్క్రూలు సరిపోతాయి. ఓములు సరిపోతాయా? 10 నుంచి 180 దాకా పోయే యూనిట్‌ను తలకిందుల రకం మీటరుకు కలిపితే ఫుల్ చేసిన రోజు ముల్లు ఖాళీ అంటుంది.

అందుకే పాత యూనిట్ పారేయకుండా వెంట తీసుకెళ్లండి. దాని చెయ్యి అట్టడుగున ఉన్నప్పుడు ఎన్ని ఓములు, పైన ఉన్నప్పుడు ఎన్ని అని ముందే కొలిచి చీటీ మీద రాసుకోండి. పట్టీ నడుమ అరిగినా రెండు కొనల దగ్గర అంకెలు సాధారణంగా దొరుకుతాయి. మల్టీమీటర్ కూడా సంచిలో వేసుకోండి. కొట్టు ముందే కొత్తదాన్ని కొలిచి, చీటీతో పోల్చి, చెయ్యి పొడవు పాతదాని పక్కన పెట్టి చూసి అప్పుడు డబ్బులివ్వండి. కొట్టతను "ఏం సార్, నమ్మకం లేదా?" అంటాడు. అననివ్వండి, కొలవండి.